కథ అడ్డం తిరిగితే

రాకుమారుల కథల పద్ధతిని తలకిందులు చేసి నవ్వించే పిల్లల బొమ్మల పుస్తకాలను గురించి గత సంచికలో ఈ శీర్షికలోనే రాశాను. దానిపై వచ్చిన ఉత్తరాలలో పదిమందికీ పనికివచ్చే ప్రశ్నలున్న కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా మనవరాలికి ఆరేళ్ళు. పుట్టినరోజుకు ఎవరో ‘ది పేపర్ బ్యాగ్ ప్రిన్సెస్’ అనే బొమ్మల పుస్తకం ఇస్తే, నేనే తెలుగులో చెబుతూ చదివి వినిపించాను. డ్రాగన్ ఎత్తుకుపోయిన రాకుమారుణ్ణి రాకుమారి వెళ్ళి విడిపిస్తుంది; తీరా విడిపించాక వాళ్ళిద్దరికీ పెళ్ళే కాదు. పిల్ల పడీ పడీ నవ్వింది కాని, ఆ తరువాత ‘మరి పెళ్ళి?’ అని చాలాసార్లు అడిగింది. చిన్నప్పటి నుంచి మనం విన్న కథల మీద మమకారాన్ని ఇలాంటి పుస్తకాలు పోగొట్టవా? — ఒక తాతయ్య

జవాబు: పోగొట్టవండీ. ‘మరి పెళ్ళి?’ అని మీ మనవరాలు అడగడమే అందుకు సాక్ష్యం. రాకుమారుడూ రాకుమారీ కలిసి కనిపించిన కథ పెళ్ళితోనే ముగియాలన్న లెక్క ఆ పిల్ల మనసులో అప్పటికే కుదురుకుని ఉంది కాబట్టే, ఆ లెక్క తప్పిన చోట ఆమెకు నవ్వూ వచ్చింది, సందేహమూ వచ్చింది. పాత కథలు తెలియని పిల్లకు ఈ రెండూ రావు.

ఈ పుస్తకం 1980లో కెనడాలో వెలువడింది. రచయిత రాబర్ట్ మన్ష్, చిత్రకారుడు మైకెల్ మార్చెంకో. మన్ష్ చిన్నపిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేసే రోజుల్లో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని డ్రాగన్ కథలు నోటితో చెప్పేవారు. ప్రతి కథలోనూ రాకుమారుడే వెళ్ళి రాకుమారిని కాపాడేవాడు. అక్కడే పనిచేస్తున్న ఆయన భార్య, ఎప్పుడూ అతడే ఎందుకు కాపాడాలి, ఒక్కసారైనా ఆమె కాపాడకూడదా అని నిలదీయడంతో ఈ కథ పుట్టింది.

దీనిలో పాత కథ ఎంత మిగిలి ఉందో ఒకసారి గమనించండి. కోట ఉంది, ఖరీదైన దుస్తులున్నాయి, నిశ్చయమైన పెళ్ళి ఉంది, డ్రాగన్ ఉంది, కాలిపోయిన అడవుల జాడ పట్టుకుని చేసే ప్రయాణం ఉంది, చివర ఒక గుహ, దానికి ఒక తలుపు ఉన్నాయి. కోటతో పాటు బట్టలన్నీ తగలబడిపోగా కాలకుండా మిగిలిన కాగితం సంచీ ఒక్కటే తొడుక్కుని ఆ అమ్మాయి తలుపు తడుతుంది. ఈ రోజు ఇప్పటికే ఒక కోట మొత్తం తిన్నాను, తీరిక లేదు, రేపు రమ్మంటుంది డ్రాగన్. ఆమె కత్తి దూయదు, పొగుడుతుంది. ఒక్క ఊపిరితో పది అడవులను కాల్చగలవట, నిజమేనా అంటుంది. అది ఉబ్బిపోయి ఏకంగా యాభై అడవులను కాలుస్తుంది; మళ్ళీ పొగిడితే ఇంకో వంద. ఆ పైన దానిలో మాంసం ముద్ద ఒకటి ఉడికించేపాటి నిప్పు కూడా మిగలదు. అప్పుడు లోకమంతా చుట్టి రాగలవట కదా అంటుంది. చుట్టి వస్తుంది, ఇంకోసారి అంటే ఇంకోసారీ చుట్టి వచ్చి, మాట పెగలక, పడి నిద్రపోతుంది.

గొప్ప చూపించుకోవాలన్న ఉబలాటాన్ని రెచ్చగొట్టి బలవంతుణ్ణి బోల్తా కొట్టించడం ఈ రచయిత కొత్తగా కనిపెట్టినది కాదు. ఇంత పెద్ద శరీరం ఇంత చిన్న జాడీలో ఎలా పట్టింది, నేను నమ్మను అని అరేబియా కథల్లో జాలరి భూతాన్ని మళ్ళీ జాడీలోకి దూర్చినది ఈ ఉపాయంతోనే. అంటే ఈ పుస్తకం పాత ఇంటి గోడలన్నీ అలాగే ఉంచి రెండు గుమ్మాలను మాత్రమే మార్చింది: కాపాడడానికి బయలుదేరేది ఎవరు, తలుపు తెరిచాక జరిగేది ఏమిటి. తలుపు తెరవగానే ఆ రాకుమారుడు కృతజ్ఞత చెప్పడానికి బదులు, నీ దగ్గర బూడిద కంపు కొడుతోంది, జుట్టు చిక్కుపడింది, ఆ పాత సంచీ ఏమిటి, అసలైన రాకుమారిలా తయారై రా అంటాడు. నీ బట్టలూ జుట్టూ బాగానే ఉన్నాయి కాని నువ్వు పనికిమాలినవాడివి అన్న అర్థంలో ఒక్క మాట అని ఆమె వెళ్ళిపోతుంది.

మీ మనవరాలికి మీరు కారణాలు వివరించవద్దు. ఆఖరి బొమ్మ దగ్గర ఆగండి. అక్కడ ఆ అమ్మాయి చేతులు చాచి గెంతుకుంటూ సూర్యుడి వైపు వెళుతుంటుంది. ఎక్కడికి వెళుతోందో నువ్వే చెప్పు అనండి. ఆరేళ్ళ పిల్ల మీ కంటే, నా కంటే మంచి జవాబు చెబుతుంది. కాదూ, రేపు ఇంకొకణ్ణి పెళ్ళి చేసుకుంటుందిలే అన్నా ఖండించవలసిన పని లేదు.

ప్రశ్న: మూడు పందిపిల్లల కథను తోడేలు తన నోటితో చెప్పుకునే పుస్తకం చాలా బాగుంటుందని విని తెచ్చాను. మా ఐదేళ్ళవాడు ఒక్కసారి కూడా నవ్వలేదు. పైగా ‘పాపం తోడేలు’ అన్నాడు. లోపం పుస్తకంలో ఉందా, నేను చదివిన తీరులో ఉందా? — ఒక తల్లి

జవాబు: రెండింటిలోనూ లేదు. మీరు చెబుతున్నది జాన్ షెస్కా రాయగా లేన్ స్మిత్ బొమ్మలు వేసిన ‘ది ట్రూ స్టోరీ ఆఫ్ ది త్రీ లిటిల్ పిగ్స్’ కావచ్చు. 1989 నాటి పుస్తకం. తోడేలు వాదన ఏమిటంటే, అమ్మమ్మ పుట్టినరోజుకు కేకు చేస్తుండగా చక్కెర నిండుకుంది, పొరుగింటికి అప్పుకు వెళ్ళాను, జలుబు వల్ల గట్టిగా తుమ్మాను, గడ్డి ఇల్లు కూలిపోయింది, నా తప్పేముంది? ‘ఉఫ్‌మని ఊది ఇల్లు కూలుస్తా’ అని బెదిరించే అసలు తోడేలును ఎరిగినవారికే ఆ తుమ్ములో హాస్యం అందుతుంది. మీ అబ్బాయికి అసలు కథ పరిచయమై ఉండకపోతే, వాడికి వినిపించినది జలుబు చేసిన ఒక జంతువు కష్టాల గాథ. దానికి ‘పాపం’ అనడమే సరైన స్పందన.

ఏడు చేపల కథనే తీసుకోండి. ‘చేపా చేపా, ఎందుకు ఎండలేదు?’ అని అడిగితే గడ్డిమోపు అడ్డం వచ్చిందని చేప చెప్పాలి. దానికి బదులు ‘ఎండితే కూర వండేస్తారుగా, అందుకే ఎండలేదు’ అని చేప చేత అనిపించి చూడండి. ఆ కథ వరస నోటికి వచ్చిన పిల్లలు విరగబడి నవ్వుతారు, కొందరు అలా కాదని మీ మీద పోట్లాటకు కూడా వస్తారు. వరస తెలియనివాళ్ళు తరువాత ఏమైందని మామూలుగా అడుగుతారు. కాబట్టి ముందు తిన్నని కథను చెప్పండి. ఎన్నిసార్లు అంటే, మీరు మధ్యలో ఒక మాట మింగితే పిల్లవాడే పట్టుకుని సరిదిద్దేటంతగా. ఆ తరువాతనే అడ్డం తిరిగిన కథ చేతికి ఇవ్వాలి. మూడు పందిపిల్లలు గడ్డితో, పుల్లలతో, ఇటుకలతో ఇళ్ళు కట్టుకునే ఆ అసలు కథను జోసెఫ్ జాకబ్స్ 1890లో ఇంగ్లీషు జానపద కథల సంపుటిలో చేర్చారు. దానిలో మొదటి రెండు పందిపిల్లలనూ తోడేలు తినేస్తుంది. తోడేలు ఎందుకు భయంకరమో తెలియాలంటే ఆ ఘట్టాన్ని మెత్తబరచకుండా చెప్పడమే మేలని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి కూడా ఉంది. ‘నేను’ అంటూ కథ చెప్పేవాడు అబద్ధం కూడా చెప్పవచ్చునన్న అనుమానం ఐదేళ్ళ పిల్లలకు సాధారణంగా రాదు, ఏడెనిమిదేళ్ళకు వస్తుంది. అంతవరకూ ఆగలేకపోతే బొమ్మల సాయం తీసుకోండి. తోడేలు కేకు కోసం పిండి కలుపుతున్న బొమ్మలో గిన్నె అంచు మీదుగా కుందేలు చెవులు పైకి పొడుచుకుని ఉంటాయి. వాటి గురించి తోడేలు ఒక్క మాట కూడా చెప్పదు. ‘ఆ గిన్నెలో ఏముంది?’ అని మాత్రం అడిగి ఊరుకోండి. తోడేలు చెబుతున్నది ఒకటి, బొమ్మ చూపిస్తున్నది ఇంకొకటి అని వాడు కనిపెట్టిన క్షణం నుంచి ఆ పుస్తకం వాడిదవుతుంది.

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. దుష్టుడి పక్షాన కథ చెప్పి నవ్విస్తే పిల్లలకు మంచికీ చెడ్డకూ తేడా తెలియకుండా పోతుందని మా సహోద్యోగులు అంటున్నారు. మీ అభిప్రాయం?

జవాబు: దుష్టుడి వాంగ్మూలం వినిపించడం వేరు, అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టడం వేరు. పైన చెప్పిన పుస్తకంలో ఆ తోడేలు కథంతా జైలులో నుంచి చెబుతుంది. చివరి బొమ్మలో కూడా అది ఊచల వెనుకనే ఉంటుంది. రచయిత తీర్పు చెప్పలేదు, పిల్లలకు వదిలేశాడు. మీ తరగతిలో సగం మంది తోడేలు వైపు, సగం మంది పందుల వైపు వాదించేలా ఒక పూట గడిపి చూడండి. మంచిచెడ్డల విచారణ అంతకంటే బాగా జరిగే పాఠం నాకు తోచడం లేదు.

అయినా మన పిల్లలకు ఇది కొత్త ఏమీ కాదు. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు, గడ్డిమోపుకు ఆవు, అలా ఒకరి మీద ఒకరు నెట్టుకుంటూ పోయి చివరికి నేరం చీమ దగ్గర తేలితే, అది ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అంటుంది. కథ అక్కడితో ఆగిపోతుంది. చీమకు శిక్ష వేసినట్టు ఎవరూ చెప్పరు. ముద్దాయి మాటతోనే కథ ముగించే అలవాటు మనకు ఎన్ని తరాలుగా ఉందో ఆలోచించండి.

అయితే మీ సహోద్యోగుల ఇబ్బందిలో కొంత నిజం లేకపోలేదు. తోడేలు మంచిది, పంది చెడ్డది అని పాత్రల పేర్లు మార్చి ఊరుకునే పుస్తకాలు చాలానే వస్తున్నాయి. అవి నాకు నచ్చవు. వాటిలో పిల్లలకు పని లేదు. మొదటి పేజీలో మార్పు తెలిసిపోయాక మిగిలినదంతా పాత కథే. పేర్ల మార్పుతో మొదలుపెట్టి కూడా అంతకు మించి వెళ్ళినది ‘ది త్రీ లిటిల్ వుల్వ్స్ అండ్ ది బిగ్ బ్యాడ్ పిగ్’. 1993లో వచ్చిన ఈ పుస్తకాన్ని యూజీన్ ట్రివిజాస్ రాశారు, హెలెన్ ఆక్సెన్‌బరీ బొమ్మలు వేశారు. తోడేలు పిల్లలు ఇటుకలతో ఇల్లు కడితే పంది సమ్మెట తెచ్చి పగలగొడుతుంది. కాంక్రీటుతో కడితే డ్రిల్లింగ్ యంత్రం తెస్తుంది. ముళ్ళకంచె, ఇనుప చువ్వలు, తాళాలతో కోటలాంటిది కడితే డైనమైటు పెడుతుంది. విసిగిపోయి నాలుగోసారి పూలతో కడతాయి. ఊదడానికి గుండెల నిండా గాలి పీల్చిన పందికి ఆ పూల వాసన తగిలి మనసు మారిపోతుంది. పాత కథలో ఇల్లు బలహీనం నుంచి బలానికి వెళుతుంది, ఇక్కడ బలం నుంచి బలహీనానికి వస్తుంది. పాత్రలతో పాటు కథ నడిచే దారి కూడా తిరగబడింది.

ప్రశ్న: పెద్దలు చెప్పిన అసలు కథలను ఇలా మార్చే హక్కు ఎవరికైనా ఉందా?

జవాబు: అసలు కథ ఏది అన్న దగ్గరే చిక్కు వస్తుంది. ఎర్రటోపీ పిల్లను 1697 నాటి ఫ్రెంచి రచయిత పెరో పుస్తకంలో తోడేలు తినేస్తుంది, కథ అయిపోతుంది. పొట్ట కోసి బయటికి తీసే వేటగాడు జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరుల 1812 నాటి జానపద కథల సంపుటిలో కనిపిస్తాడు. ఆ సోదరుల కప్ప రాకుమారుడి కథలో ముద్దు లేదు; రాకుమారి కోపంతో కప్పను గోడకేసి కొడితేనే అది రాకుమారుడవుతుంది. 1812లో స్నో వైట్‌ను చంపించబోయినది కన్నతల్లి, 1819 నాటికి ఆమె సవతితల్లిగా మారింది. 1857 వరకూ వాళ్ళు తమ సంపుటిని దిద్దుతూనే ఉన్నారు. నవ్వించడం కోసం మార్చేవారికి మాత్రమే అనుమతి పత్రం కావాలనడం న్యాయం కాదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్ళు. బొమ్మల పుస్తకాలు చిన్నపిల్లలకని ముట్టుకోడు. వాడి వయసుకు తగినది ఈ కోవలో ఏదైనా ఉందా?

జవాబు: డేవిడ్ వీస్నర్ ‘ది త్రీ పిగ్స్’ వాడి కంట పడేలా ఎక్కడైనా వదిలేయండి. 2001లో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డికాట్ పతకం పొందింది. తోడేలు ఊదిన ఊపుకు పంది బొమ్మ చట్రం దాటి కథలో నుంచే బయటపడుతుంది. కింద అక్షరాలు మాత్రం తోడేలు పందిని తినేసిందని పాత పాటే పాడుతుంటాయి. బొమ్మలో తోడేలు పంది ఏదీ అని వెతుక్కుంటుంటుంది. చదవమని మాత్రం చెప్పకండి.

ప్రశ్న: ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలుకలో ప్రాణం దాచుకున్న రాక్షసుడి కథను తిరగేసి ఒక బొమ్మల పుస్తకం రాయాలని ప్రయత్నిస్తున్నాను. రాక్షసుణ్ణి మంచివాణ్ణి చేశాను, రాకుమారిని గయ్యాళిని చేశాను, రాకుమారుణ్ణి పిరికివాణ్ణి చేశాను, చిలుక స్థానంలో సెల్‌ఫోన్ పెట్టాను. ఇంట్లో పిల్లలకు చదివితే మొహాలు చూసుకున్నారు. ఎక్కడ పొరపాటు జరిగింది? — ఒక పాఠకురాలు

జవాబు: అన్నీ మార్చడమే పొరపాటు, అమ్మా. అన్నీ మారిన చోట ఏది మారిందో పిల్లలకు తెలియదు. ముఖ్యంగా సెల్‌ఫోన్‌ను ఈ రోజే తీసేయండి. రాజుల కాలంలోకి నేటి వస్తువులను దించితే పెద్దలు ఒకసారి ముసిముసిగా నవ్వుతారు. పిల్లలకు అది వాళ్ళు రోజూ చూసే వస్తువే తప్ప వింత కాదు.

ఆ కథలో అందరికంటే గట్టిది ఒక నియమం ఉంది: చిలుకకు ఏం జరిగితే రాక్షసుడికి అదే జరుగుతుంది. రెక్క విరిస్తే వాడి చెయ్యి పడిపోతుంది, కాలు విరిస్తే కాలు పడిపోతుంది. ఆ నియమాన్ని ఇసుమంత కూడా సడలించకండి. రాక్షసుడు దుష్టుడుగానే ఉండాలి, రాకుమారి చెరలోనే ఉండాలి. ఇప్పుడు ఒక్క మార్పు చేయండి. చిలుకను చంపేటప్పుడే కాకుండా ప్రతి క్షణమూ ఆ నియమం పనిచేస్తుందనుకోండి. అన్ని తరాలుగా ఆ కథ చెబుతున్నా, మిగతా రోజుల్లో ఆ చిలుక ఏం చేస్తుంటుందో ఎవరూ అడగలేదు. చిలుక అన్నాక దానికి దురద పెడుతుంది, అతిగా జామపండ్లు తింటుంది, తలకిందులుగా వేలాడుతుంది, పొద్దు గూకగానే నిద్రపోతుంది.

పాత కథను పరిచయం చేసే మొదటి పేజీలు దాటాక, కథనంలో చిలుక పేరు ఎత్తకండి. ‘రాక్షసుడు భూమి అదిరేలా నడుచుకుంటూ కోట మీదికి వచ్చాడు. రాజును పట్టుకుందామని చెయ్యి చాచాడు. అంతలో ఎందుకో చెవి వెనుక దురద పెట్టింది.’ ఇంతే రాయండి, అదీ పేదరాశి పెద్దమ్మ చెప్పినంత గంభీరంగా. దురద పెట్టిన పేజీ అడుగున సన్నని పట్టీలా ఏడు సముద్రాలు, వాటి చివర చెట్టు, తొర్రలో కాలి గోళ్ళతో చెవి వెనుక గోక్కుంటున్న చిలుక కనిపించాలి. తరువాతి జంట పేజీలలో వాడు ‘నిన్ను నమిలి మింగుతా’ అని గర్జించబోయి నోరు తెరిచేసరికి పెద్ద ఆవలింత వస్తుంది. కింద పట్టీలో పొద్దు గూకుతుంటుంది. ఇలాంటివి మూడు చాలు. నాలుగోది పెడితే పిల్లలు ముందే ఊహిస్తారు. పాత కథ తెలిసినవాళ్ళు రెండోదానికే ‘చిలుక! చిలుక!’ అని అరుస్తారు. ఆ అరుపే మీకు కావలసిన హాస్యం.

బొమ్మల పుస్తకాలకు సాధారణంగా 32 పేజీలు ఉంటాయి. పెద్ద కాగితాన్ని మడతపెట్టి కోసినప్పుడు ఎనిమిది, పదహారు పేజీల కట్టలుగా రావడమే దీనికి కారణం. పేరు పేజీ వంటివి పోగా మీకు పన్నెండు, పద్నాలుగు జంట పేజీలు మిగులుతాయి. మొదటి రెండింటిలో పాత కథను ఏ వంకరా లేకుండా నిలబెట్టండి, లేకపోతే చిలుక సంగతి తెలియని పిల్లలు బయటే ఉండిపోతారు. అక్కడి నుంచి ప్రతి చిక్కునూ కుడి పేజీ చివర వదిలి, దాని పర్యవసానాన్ని పేజీ తిప్పిన తరువాత చూపండి. చెయ్యి చాచడం ఇటు, దురద అటు. ఈ రెండూ ఒకే చోట కనిపిస్తే నవ్వు సగం చచ్చిపోతుంది.

రాకుమారుడు కత్తి పట్టుకుని తొర్ర దగ్గరికి వచ్చే పేజీయే మీకు అసలు పరీక్ష. అతడు చంపడానికి వచ్చాడు. పిల్లలు అప్పటికే చిలుక పక్షానికి వచ్చేసి ఉంటారు. చిలుక చేత స్వేచ్ఛ మీద ఉపన్యాసం చెప్పించకండి. నియమాన్ని బట్టి ఆలోచిస్తే దారి దానంతట అదే దొరుకుతుంది. చిలుకకు చక్కిలిగిలి పెడితే రాక్షసుడు ఏమవుతాడు? చిలుకకు నిద్ర వచ్చేదాకా జోల పాడితే? రాకుమారుడు దానిని పంజరంలో పెట్టి తనతో తీసుకుపోతే, రాక్షసుడి చుట్టూ ఏం వచ్చి పడుతుంది? ఈ మూడింటిలో మూడోది బొమ్మకు బాగా లొంగుతుందని నాకు అనిపిస్తోంది కాని, చివరికి పంజరం తలుపు ఎవరు తెరుస్తారన్నది మీరే తేల్చుకోవాలి.

చిత్తుప్రతి సిద్ధమయ్యాక దానిని ఈ కథ తెలిసిన నలుగురైదుగురు పిల్లలకు చదివి వినిపించండి. వాళ్ళు మీ మాట వినడం మానేసి బొమ్మ మీదికి వంగిన పేజీలను గుర్తు పెట్టుకుని, ఇంటికి వచ్చి ఆ పేజీలలో ఇంకో వాక్యం కొట్టేయండి.